కాలు తీస్తే కార్డు చెల్లుతుంది, మాత్ర రాస్తే చెల్లదు!

(మచిలీపట్నంలో జరిగిన ఉద్యోగ, విద్యార్థి మిత్రుల సమావేశంలో ఒక పాత్రికేయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు నీళ్ల గురించి చెప్పారు, కొలువుల గురించి చెప్పారు. నిధుల లెక్క కూడా తేల్చారు. నేను ఒక డాక్టరు గురించి మాట్లాడదామని వచ్చాను. ఒకే ఒక్క డాక్టరు. షుగరు ముదిరినవాళ్లకు, థైరాయిడ్ గడ్డ వచ్చినవాళ్లకు, పుట్టుకతోనే ఇన్సులిన్ అవసరమైన పిల్లలకు కావలసిన డాక్టరు. ఎండోక్రైనాలజిస్టు అంటారు. మన తెలుగు సైన్సు పుస్తకంలో అంతస్రావ గ్రంథులని చదువుకున్నాం కదా, ఆ గ్రంథుల వైద్యుడు. బందరులోగాని, గుడివాడలోగాని, అవనిగడ్డలోగాని సర్కారు కార్డు చూపిస్తే ఈ డాక్టరు చూస్తాడని తెలిసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి.

సరే. మీ ఇళ్లల్లో షుగరు ఉన్నవాళ్లు ఎంతమందో చెప్పడానికి చేతులెత్తండి అని మాత్రం అడగను. ఎత్తనివాళ్లను లెక్కపెట్టడం తేలిక.

భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో అచ్చయింది. దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మంది అని తేల్చింది. పెద్దల్లో నూటికి 11.4 మంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఇది పట్నాల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే మాట ఇంకా కొందరు పెద్దమనుషులు అంటుంటారు. ఒకసారి నాగాయలంక రేవుకు రండి, కోడూరు సంతకు రండి. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాసేవాడి జేబులో కూడా షుగరు బిళ్లలుంటాయి. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసేవాళ్లు పొద్దున లేచిన దగ్గర నుంచి పీట దిగరు. వాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు కార్డు కథకు వద్దాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తర్వాత అన్ని జిల్లాలకూ వచ్చింది. మంచి పథకమే, కాదనడం లేదు. గుండె ఆపరేషన్ చేయించుకుని బతికి బయటపడ్డ మనిషి లేని ఊరు ఈ జిల్లాలో లేదు. తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారింది. ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. రంగులేసేవాడికి మాత్రం పని దొరికింది! పరిమితి కూడా పెరిగింది. మొదట్లో 2 లక్షలు. 2023 డిసెంబరు నాటికి 25 లక్షలు. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లందరికీ కార్డు వర్తిస్తుందన్నారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర క్యాబినెట్ అందరికీ ఆరోగ్య బీమా అన్నది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు భరించేటట్టు కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది.

అంకెలు పెద్దవే. కాని షుగరు రోగికి ఏం కావాలి? 25 లక్షలు అక్కర్లేదు. మూడు నెలలకోసారి డాక్టరు చూడాలి. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయాలి. ఏడాదికోసారి కంటి వెనక పొర చూడాలి, పాదం చూడాలి, మూత్రంలో ప్రోటీను పోతున్నదేమో చూడాలి. బిళ్లలు, అవసరమైతే ఇన్సులిన్. వీటిలో ఏ ఒక్కదానికీ ఆస్పత్రి మంచం అక్కర్లేదు. మన బీమా పథకాలన్నీ మంచం చుట్టూ కట్టినవి. ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. 2018లో వచ్చింది, కుటుంబానికి 5 లక్షలన్నారు, 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ అన్నారు. అన్నీ అడ్మిషన్ అయితేనే.

పథకం జాబితాలో గ్రంథుల జబ్బులు లేకపోలేదు. పిట్యూటరీ గ్రంథి జబ్బులున్నాయి, కుషింగ్స్ ఉంది, షుగరు అదుపు తప్పి ఇన్‌ఫెక్షన్‌తో ప్రాణం మీదకొస్తే దానికీ ప్యాకేజీ ఉంది. అంటే ఏమిటి? అదుపులో ఉంచుకోవడానికి పైసా రాదు, అదుపు తప్పితే డబ్బొస్తుంది. పాదానికి పుండు పడి కుళ్లితే ఆపరేషన్‌కు కార్డు చెల్లుతుంది. కాలు తీసేస్తే కార్డు చెల్లుతుంది. కిడ్నీలు పోయి డయాలసిస్‌కెక్కితే కార్డు చెల్లుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు 10 వేల రూపాయల పెన్షన్ కూడా ఉంది. ఇవ్వాల్సిందే, తప్పు పట్టడం లేదు. కాని ఆ మనిషి పదేళ్ల ముందు సరైన డాక్టరును చూసుంటే, నెలకు నాలుగైదు వందల మందులు దొరికుంటే, ఆ మంచం ఎక్కే అవసరం చాలామందికి వచ్చేది కాదు. ఇంత చిన్న లెక్క సచివాలయంలో కూర్చున్నవాళ్లకు రాదా? వస్తుంది. మంచానికి బిల్లు పెట్టేవాడు ఉన్నాడు, మాత్రకు బిల్లు పెట్టేవాడు లేడు. బిల్లు లేనిచోట అడిగే గొంతు ఉండదు.

మా పెద్దమ్మది కోడూరు పక్క పల్లె. ఇన్సులిన్ మీద ఉంది, దానికి తోడు థైరాయిడ్. అక్కడి డాక్టరు పాపం మంచివాడు, "అమ్మా, ఇది నా చేతిలో లేదు, గ్రంథుల స్పెషలిస్టుకు చూపించు" అన్నాడు. తెల్లవారుజామున బయల్దేరాం. అవనిగడ్డ వచ్చి బస్సు మారి, కరకట్ట మీదుగా విజయవాడ. అక్కడొక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి, పేరెందుకులెండి. గేటు మీద పథకం బోర్డు నిలువెత్తున ఉంది. లోపలికెళ్తే కౌంటరు పిల్ల నవ్వుతూ చెప్పింది: "ఆస్పత్రికి కార్డుంది సార్, ఈ డిపార్టుమెంటుకు లేదు." పెద్దమ్మకు అర్థం కాలేదు. "ఒకే ఇల్లు కదరా, ఒక గదిలో చెల్లే రూపాయి ఇంకో గదిలో చెల్లదా?" అన్నది. డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు, బిళ్లలు, బస్సు చార్జీలు, నాకూ ఆమెకూ ఒక పూట భోజనం. ఆమెకు నెలనెలా వచ్చే పెన్షన్ ఆ ఒక్క రోజుతో హరీ అన్నది. మళ్లీ మూడు నెలలకు రమ్మన్నారు. ఆమె మళ్లీ వెళ్లింది ఏడాదికి.

అందుకని పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ముందు మీకు చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు, బోర్డు చూసి మోసపోతున్నారు. పథకంలో చేర్చుకునేది డాక్టరును కాదు, ఆస్పత్రిని. అదీ మొత్తంగా కాదు, విభాగాల వారీగా. గుండెకు ఉండొచ్చు, ఎముకలకు ఉండొచ్చు, గ్రంథులకు ఉండకపోవచ్చు. అదే డాక్టరు సాయంత్రం తన సొంత క్లినిక్‌లో కూర్చుంటే అక్కడ ఏ కార్డూ చెల్లదు. కాబట్టి బస్సెక్కే ముందు 104కు ఫోన్ చేసి ఆస్పత్రి పేరు, విభాగం పేరు రెండూ చెప్పి అడగండి. ట్రస్టు వాళ్ల జాబితాలో జిల్లా వారీగా, విభాగం వారీగా ఆస్పత్రుల పేర్లుంటాయి. కాలేజీ తమ్ముళ్లు సెల్‌ఫోన్‌లో సినిమా చూసే టైములో పది నిమిషాలు తీసి మీ వీధిలో ముసలివాళ్లకు ఇది చూసిపెట్టండి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒక ఉద్యోగి ఉంటాడు, అతని బల్ల దగ్గరకే ముందు వెళ్లండి, క్యాష్ కౌంటరుకు కాదు. పథకంలో ఉన్న జబ్బు అనుమానంతో కార్డు మీద వచ్చినవాడిని ఆ ఆస్పత్రి ఓపీలో ఉచితంగా చూడాలన్నది పథకం పెట్టినప్పటి నుంచి ఉన్న నిబంధన. అడిగితేనే గుర్తుకొస్తుంది వాళ్లకు.

రెండో సంగతి, బోర్డు చదవడం. "షుగరు స్పెషలిస్టు", "డయాబెటాలజిస్టు" అని ప్రతి సెంటర్లో ఒక బోర్డుంటుంది. వాళ్లలో మంచివాళ్లున్నారు, ఎండీ జనరల్ మెడిసిన్ చేసి ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాళ్లున్నారు. మామూలు షుగరుకు వాళ్లు చాలు. నిజానికి చాలామందికి ఎండోక్రైనాలజిస్టు అవసరమే లేదు. ఎంబీబీఎస్ చేసి ఒక చిన్న కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్లూ ఉన్నారు. అసలు ఎండోక్రైనాలజిస్టు అంటే ఎండీ తర్వాత ఇంకో మూడేళ్లు డీఎం గాని, దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ గాని చదివినవాడు. పసిపిల్లలకు వచ్చే టైప్-1 షుగరు, గర్భిణికి అదుపు కాని షుగరు, ఎదగని పిల్లలు, మెడ దగ్గర గడ్డ, పిట్యూటరీ, అడ్రినల్ జబ్బులు, వీటికి ఆ చదువు కావాలి. అలాంటి పిల్లాడు ఎదురుమొండిలో పుడితే? పంట్లు దాటి, బస్సులు మారి...

ఇక ఉద్యోగ మిత్రుల సంగతి. మీరు నవ్వుతున్నారు గాని, మీ కార్డు గతీ గొప్పగా ఏం లేదు. మనకు 1972 నాటి వైద్య సహాయ నిబంధనలుండేవి. ముందు జేబులో నుంచి పెట్టుకో, తర్వాత బిల్లు పెట్టుకో, ఆ తర్వాత బిల్లు చుట్టూ తిరుగు. 1972లో ఈ ఊళ్లో ఇంకో పనిలో ఉన్నవాళ్లు చాలామంది ముందు వరసలో కూర్చున్నారు, వాళ్లకు ఆ రోజులు గుర్తుంటాయి! 2013 చివర్లో నగదు లేని ఆరోగ్య కార్డులన్నారు. జీతంలో కోత నెలనెలా ఠంచనుగా పడుతోంది. దీర్ఘకాలిక రోగాల ఓపీ వైద్యానికి ఆ పథకంలో చోటు పెట్టారు. కాని కార్డు తీసుకెళ్లి ప్రైవేటు ఆస్పత్రిలో పెడితే "మీ కార్డు బకాయిలు రాలేదండీ" అనే జవాబు వినని ఉద్యోగి ఎవరైనా ఉంటే లేవండి. బకాయిల కోసం 2025 అక్టోబరులో ప్రైవేటు ఆస్పత్రులు పథకం సేవలే నిలిపేశాయి. సర్కారుకూ ఆస్పత్రికీ మధ్య లెక్కలు తేలేదాకా రోగి ఇన్సులిన్ ఆపుకుని కూర్చోవాలా?

ఓపీనీ మందులనూ కలిపి చూసే పథకం ఒకటుంది, ఈఎస్ఐ. 1948 చట్టంతో వచ్చింది. డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, మందులు అక్కడే ఇస్తారు, పెద్ద జబ్బయితే పైకి రాస్తారు. మనకు పెద్ద ఆస్పత్రి విజయవాడ గుణదలలో ఉంది. కాని 2017 జనవరి నుంచి జీతం పరిమితి 21 వేలుగా ఉంది. అంతకంటే ముఖ్యం, మనిషి ఏదో ఒక సంస్థ రిజిస్టర్లో ఉండాలి. చిలకలపూడిలో ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికించే ఆడబిడ్డ ఏ రిజిస్టర్లో ఉంది? రొయ్యల చెరువు కూలీ ఏ రిజిస్టర్లో ఉన్నాడు? చట్టం మంచిదే, మన జనం దాని బయట ఉన్నారు.

ఇక్కడొక చరిత్ర చెప్పకుండా ఉండలేను. ఈ ఊళ్లో ఒకప్పుడు ఒక డాక్టరుగారు ప్రాక్టీసు పెట్టారు. మద్రాసులో వైద్యం చదివొచ్చారు. తర్వాత ప్రాక్టీసు వదిలేసి ప్రజల్లోకి వచ్చారు, ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలని కాంగ్రెసులో పట్టుబట్టారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. అయన 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. అంటే ఒక వైద్యుడు, ఒక రాష్ట్రవాది, ఒక బీమా కంపెనీ, మూడూ ఈ బందరులో ఒకే మనిషిలో కలిశాయి. ఆ బ్యాంకు పేరు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వందేళ్ల కింద బీమా కంపెనీ పుట్టిన ఊళ్లో వందేళ్ల తర్వాత బీమా కార్డు పట్టుకుని డాక్టరు కోసం వెతుకుతున్నాం.

రాష్ట్రం అన్న మాట వచ్చింది కాబట్టి అదీ మాట్లాడదాం. అరవై ఏళ్లు అన్నీ తీసుకెళ్లి హైదరాబాదులో పెట్టారు. గ్రంథుల వైద్యంలో నిమ్స్, ఉస్మానియా రెండూ అక్కడే. 2014 జూన్ 2 తర్వాత అవి తెలంగాణవి. న్యాయంగా వాళ్లవే, అందులో గొడవ లేదు. మన వైపు సర్కారు రంగంలో ఆ విభాగం పేరున్నవి విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల, తిరుపతిలో స్విమ్స్. బందరు నుంచి రెండూ రాత్రంతా ప్రయాణమే. తర్వాత మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది, 2019 నుంచి ఓపీ చూస్తున్నారు. ఓపీ చీటీ ఖర్చు బహు తక్కువ. ఏ రోజు ఏ విభాగం చూస్తారో ముందు కనుక్కుని వెళ్లాలి, లేకపోతే బస్సు చార్జీ దండగ.

కాని నేననేది ఏమంటే, హైదరాబాదులో అంతా పోగుపడిందని అరిచిన మనం ఇప్పుడు విజయవాడలో అంతా పోగుపడుతుంటే ఎందుకు ఊరుకున్నాం? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. విజయవాడ, దాని పెద్ద ఆస్పత్రులు, సిద్ధార్థ వైద్య కళాశాల, ఆరోగ్య విశ్వవిద్యాలయం, అన్నీ ఎన్టీఆర్ జిల్లా లెక్కలోకి పోయాయి. కృష్ణా జిల్లా అనే పేరు మనకు మిగిలింది, కలెక్టరేట్ మిగిలింది. జిల్లా వేరైతే జిల్లాకు కావలసినవన్నీ వేరే రావాలి కదా? రాష్ట్రం విడిపోయినప్పుడు ఆస్తులూ అప్పులూ పంచాలని చట్టం రాసుకున్నారు. జిల్లా విడిపోయినప్పుడు ఒక్క స్పెషలిస్టు పోస్టయినా పంచారా? దివిసీమవాడికి హైదరాబాదైనా విజయవాడైనా తేడా బస్సు చార్జీలోనే.

వైద్య కళాశాల వచ్చింది కదా అంటారు. అవును, 2023 సెప్టెంబరు 15న ఈ బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, 150 సీట్లు. చాలా సంతోషం. ఇక్కడ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ హాల్లో ఉన్నారు కూడా. కాని ఎంబీబీఎస్ నడపడానికి కావలసిన విభాగాల జాబితాలో జనరల్ మెడిసిన్ ఉంటుంది, సర్జరీ ఉంటుంది. ఎండోక్రైనాలజీ తప్పనిసరి కాదు. కళాశాల వచ్చింది కాబట్టి ఆ డాక్టరు తనంతట తాను వస్తాడనుకుంటే పొరపాటు. ఎవరో అడగాలి. మనం తప్ప అడిగేవాళ్లు ఎవరున్నారు?

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు దేశం నలుమూలల నుంచి డాక్టర్లు వచ్చారు. శవాల మధ్య పని చేశారు. వాళ్లకు ఇప్పటికీ దండం పెడతారు మా వాళ్లు. షుగరు ఆ మాదిరిగా ఒక్క రాత్రిలో రాదు. ఒక కన్ను, ఒక వేలు, ఒక కిడ్నీ చొప్పున తీసుకుంటుంది. పేపర్లో ఫొటో రాదు. నేను పేపరువాణ్ణే, నాకు తెలుసు ఏది మొదటి పేజీలో వస్తుందో.

డాక్టరు వచ్చేలోపల చేతిలో ఉన్నది వాడుకుందాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఊళ్లోకి వచ్చే 104 బండిలో షుగరు పరీక్ష, మామూలు బిళ్లలు ఉచితం. జిల్లా స్థాయిలో 2010 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం కింద షుగరు, బీపీ క్లినిక్‌లు పెట్టాలి. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచే ఈ-సంజీవని మీద పెద్ద ఆస్పత్రి డాక్టరుతో తెర మీద మాట్లాడించవచ్చు. నర్సమ్మను అడగండి, స్పెషలిస్టు కావాలని పేరు పెట్టి అడగండి. మందుల ధర సంగతి కూడా చెబుతాను. సిటాగ్లిప్టిన్ అనే బిళ్లకు పేటెంటు 2022లో పోయింది, ఎంపాగ్లిఫ్లోజిన్‌కు 2025 మార్చిలో పోయింది. రెండోది ఒక్కో బిళ్ల 60 రూపాయల దాకా ఉండేది, పేటెంటు పోగానే పది కంపెనీలు దిగి ధర అందులో చిన్న ముక్కకు పడింది. మీ చీటీలో ఇంకా పాత ఖరీదైన బ్రాండే ఉంటే డాక్టరుగారిని మర్యాదగా అడగండి, "చవకది రాయండి సార్" అని. జన ఔషధి దుకాణంలో చూడండి. మీ అంతట మీరు మార్చుకోవద్దు, ఆపొద్దు. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో దాని పేటెంటును ఒక్కొక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అది అందరిదీ కావాలన్నారు. వందేళ్లు దాటింది.

ఇక మనం ఏం అడగాలి? పెద్ద పెద్ద కోరికలు నాకు లేవు. బందరు సర్వజన ఆస్పత్రిలో ఒక ఎండోక్రైనాలజిస్టు పోస్టు మంజూరు చేయాలి. అది అయ్యేలోపల పెద్ద కళాశాలల నుంచి ఒక డాక్టరు వారానికి ఒక రోజు బందరులో, పదిహేను రోజులకోసారి గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రుల్లో కూర్చోవాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు. బహుశా అందుకే ఏ నాయకుడికీ దీనిమీద ఆసక్తి లేదు! రెండోది, కొత్త బీమా పద్ధతిలో షుగరు, థైరాయిడ్ ఓపీనీ, మూడు నెలల పరీక్షనూ, ఇన్సులిన్‌నూ ప్యాకేజీగా చేర్చాలి. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాది పాటు పరీక్షలు, మందులు ఇచ్చే పద్ధతి ఈ పథకంలో ముందే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చేది ఆపరేషన్ రాకుండా ముందే ఇవ్వమంటున్నాం.

ఎన్జీవో మిత్రులకు ఒక పని, విద్యార్థులకు ఒక పని. ఉద్యోగులు సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు వేయండి. కృష్ణా జిల్లాలో ఎండోక్రైనాలజీ విభాగానికి పథకంలో చేర్చుకున్న ఆస్పత్రులు ఎన్ని, వాటి పేర్లేమిటి? జిల్లాలో పాదం లేదా కాలు తొలగించిన ఆపరేషన్లకు, షుగరువాళ్ల డయాలసిస్‌కు గత మూడేళ్లలో పథకం ఎంత చెల్లించింది? జిల్లా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇన్సులిన్ నిల్వ లేని రోజులు ఎన్ని? విద్యార్థులు కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ, పెడన, గుడివాడల్లో వంద ఇళ్లు చొప్పున తిరిగి, షుగరు ఎవరికుంది, ఎక్కడ చూపించుకుంటున్నారు, నెలకు ఎంతవుతోంది రాసుకురండి. జబ్బు ఉన్నవాళ్ల పేర్లు రాయొద్దు, అంకెలు చాలు. ఆ కాగితాలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే వేళకు వెళ్దాం. ఫారాలు గుమ్మం పక్క బల్ల మీద పెట్టాం, వెళ్లేటప్పుడు తలా పది తీసుకోండి. దివిసీమ నుంచి వచ్చినవాళ్లకు చివరి బస్సు వేళవుతోంది, వాళ్లు ముందు తీసుకోండి.